మౌనం అర్ధాంగీకారం అంటారు కదా, కోర్టులో అది ఎంత అంగీకారం?

జిరాక్స్_బాబాయ్, శ్రీకాకుళం
శనివారం, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. నాది కోర్టు దగ్గర చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. పదిహేడేళ్లుగా ఫిర్యాదులు, అఫిడవిట్లు, వకాలత్‌లు టైపు చేస్తున్నాను. చదివింది డిగ్రీయే, లా కాదు. కానీ కొట్టీ కొట్టీ కొన్ని ముక్కలు వేళ్లకి వచ్చేశాయి. "ఆమె ఇష్టానికి విరుద్ధంగా, ఆమె సమ్మతి లేకుండా" అన్న ముక్క ఎన్నిసార్లు కొట్టానో లెక్క లేదు. రెండూ ఒకటే కదా, రెండుసార్లు ఎందుకు అని ఏనాడూ అడగలేదు. ప్లీడరు గారు చెప్పారు, నేను కొట్టాను.

కొంతకాలం కిందట ఒక తల్లి, కూతురు వచ్చి ఫిర్యాదు టైపు చేయించుకున్నారు. ఊరూ పేరూ చెప్పను, ఏం జరిగిందో కూడా చెప్పను. ఒక్క మాట గురించే అడగాలనుకుంటున్నాను. ఆ పిల్ల "నాను ఊరుకుండిపోనాను" అంది. కాగితం మీద భాష బాగుండాలని నేను "మౌనంగా ఉన్నాను" అని కొట్టాను. వాళ్లు వెళ్లాక, షాపులో కూర్చున్న మా మేనల్లుడు "మౌనంగా ఉంటే అర్ధాంగీకారమే కదా మామయ్యా, ఇంక కేసేటి నిలుస్తుంది? ఒప్పుకుందనే వాడు అనుకుని ఉంటాడు" అన్నాడు.

ఆ మాట అప్పటి నుంచి బుర్రలో తిరుగుతోంది. రెండు సందేహాలు. ఊరుకుంటే ఒప్పుకున్నట్టేనా? నిజంగానే ఆమె ఒప్పుకుందని వాడు అనుకుంటే, నేరం చెయ్యాలన్న బుద్ధి వాడికి లేనట్టే కదా, అప్పుడది నేరం అవుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

చీపురుపల్లి_చిన్నోడు
శనివారం, రాత్రి 9.31

మీ మేనల్లుడు అడిగిందాంట్లో తప్పేముంది బాబాయ్? వద్దంటే వద్దనాలి, గట్టిగా అనాలి. అనకపోతే ఎదుటివాడికి సోది వస్తుందా? ఈ రోజుల్లో మగాళ్లకే టెన్షన్ ఎక్కువైపోయింది.

పాలకొండ_మాస్టారు
శనివారం, రాత్రి 9.48

చట్టం నాకు తెలియదు, తెలుగు కొంత తెలుసు. ముప్పై రెండేళ్లు బడిలో అదే చెప్పాను.

"మౌనం సమ్మతి లక్షణం" అని సంస్కృతంలో ఒక మాట ఉంది. మనవాళ్లు దాన్ని "మౌనం అర్ధాంగీకారం" చేసుకున్నారు. చిన్నప్పటి నుంచి నేను ఆ మాట ఎక్కువగా విన్నది పెళ్లిచూపుల్లో. పిల్ల తల వంచుకుని కూర్చుంటుంది. పక్క నుంచి పెద్దాయనెవరో "మౌనం అర్ధాంగీకారం" అని నవ్వుతాడు, కాఫీలు వస్తాయి. అక్కడ పిల్లని ఎవరూ అడగలేదు. నోరు విప్పే వీలు లేని చోట పుట్టిన సామెత అది. దాన్ని పట్టుకెళ్లి సాక్ష్యంలో వాడితే ఎలా నాయనా?

ఇంకొకటి గమనించండి బాబాయ్ గారూ. ఏడుస్తున్న పిల్లని "ఊరుకోమ్మా, ఊరుకో" అంటాం. మాట్లాడొద్దని కాదు, ఓర్చుకోమని. ఊరుకోవడంలో ఓర్చుకోవడం ఉంది, "మౌనంగా ఉన్నాను"లో అది లేదు. ఇక "ఊరుకుండిపోనాను"లో ఆ చివరి "పోనాను" ఉందే, అది తనంతట తాను ఎంచుకున్న పని చెప్పదు. తనకి జరిగిపోయినదాన్ని చెబుతుంది. కూలబడిపోవడం, బిగుసుకుపోవడం లాగా. మీరు భాష బాగు చెయ్యలేదు. అర్థం మార్చారు.

జిరాక్స్_బాబాయ్, శ్రీకాకుళం
శనివారం, రాత్రి 9.55

అయ్య బాబోయ్ మాస్టారూ.

వంశధార_వకీలు
శనివారం, రాత్రి 10.26

శ్రీకాకుళంలో ప్రాక్టీసు చేస్తాను. బాబాయ్ గారి షాపు ఏదో నాకు తెలిసిపోయింది గానీ చెప్పను.

ఆ రెండు ముక్కలూ ఒకటి కాదు. అత్యాచారం అంటే ఏమిటో చెప్పే పాత ఐపీసీ 375వ సెక్షన్‌లో ఉన్నవే, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 63వ సెక్షన్‌గా వచ్చాయి. అందులో ఏడు సందర్భాలు చెప్పారు. మొదటిది ఇష్టానికి విరుద్ధంగా, రెండోది సమ్మతి లేకుండా. 2011లో ఛోటేలాల్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడా వివరించింది. ఆమె ఎదురు చెప్పింది, అడ్డుకుంది, అయినా జరిగిందంటే ఇష్టానికి విరుద్ధం. ఆలోచించి, మంచీ చెడూ చూసుకుని ఒప్పుకోవడమన్నది లేకపోతే సమ్మతి లేనట్టు. నిద్రలో ఉన్న మనిషిని తీసుకోండి. ఆమె వద్దనలేదు, తొయ్యలేదు. మొదటి ముక్క కింద వాదించాలంటే ఇబ్బంది. రెండో ముక్క కింద వాదనే అక్కర్లేదు, సమ్మతి లేదంతే. అందుకే రెండూ రాస్తాం.

మౌనం సంగతికి వస్తే, 2012 డిసెంబరు 16 ఢిల్లీ ఘటన తర్వాత జస్టిస్ వర్మ కమిటీ వేశారు, 2013లో చట్టం మార్చారు. అప్పుడు సమ్మతికి ఆ సెక్షన్‌లోనే వివరణ చేర్చారు. మాటతోనో, సైగతోనో, ఇంకో విధంగానో, ఫలానా పనికి తాను సిద్ధమని ఆమె తెలియజేసే స్పష్టమైన, స్వచ్ఛందమైన ఒప్పుకోలే సమ్మతి. దాని కిందే ఇంకో వాక్యం ఉంది. శరీరంతో ప్రతిఘటించలేదన్న ఒక్క కారణం చేత ఆమె ఒప్పుకుందని అనుకోకూడదు. ఆ వాక్యం రాయించడానికి ఈ దేశానికి ముప్పై ఏళ్ల పైనే పట్టింది.

"ఫలానా పనికి" అన్న మాట కూడా వదిలెయ్యకండి. బండెక్కడానికి ఒప్పుకోవడం, సినిమాకి రావడం, అర్ధరాత్రి దాకా ఫోన్లో మాట్లాడటం, ఇవన్నీ వాటివాటికే ఒప్పుకోళ్లు.

చీపురుపల్లి_చిన్నోడు
శనివారం, రాత్రి 10.34

స్పష్టమైన ఒప్పుకోలు అంటే వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాయించుకోవాలా మేడమ్? బాబాయ్‌కి మంచి గిరాకీ.

వంశధార_వకీలు
శనివారం, రాత్రి 10.41

రాయించుకున్నా పనికిరాదు తమ్ముడూ. ప్రాణభయం పెట్టో, దెబ్బల భయం పెట్టో తీసుకున్న ఒప్పుకోలు చెల్లదని మూడో సందర్భం చెబుతుంది. ఆమెకే కాదు, ఆమెకి కావలసినవాళ్లకి హాని చేస్తామన్నా అంతే. పైగా సాయంత్రం సంతకం పెట్టిన మనిషి రాత్రి వద్దంటే, ఆ కాగితం ఆ రాత్రికి చెల్లదు. చట్టం కాగితం అడగట్లేదు. ఆ సమయానికి ఆమెకి ఇష్టమేనా అన్నదే అడుగుతోంది. ఇష్టపడే మనిషి ఎలా ఉంటుందో నీకు తెలియదా?

రిటైర్డ్_హెచ్‌సీ, విజయనగరం
శనివారం, రాత్రి 11.05

ముప్పై ఏళ్లు దాటి ఖాకీ వేసుకున్నాను. దాపరికం లేకుండా రాస్తాను, తిట్టేవాళ్లు తిట్టండి.

మా రోజుల్లో ఆడమనిషి ఇలాంటి ఫిర్యాదుతో వస్తే స్టేషన్లో మొదటి ప్రశ్న "దెబ్బలున్నాయా?" అనే. రెండోది "కేక ఎందుకెయ్యలేదు?" మూడోది ఇక్కడ రాయను. దెబ్బలు లేకపోతే పెద్దమనుషుల్ని పిలిచి మాట్లాడుకోమనేవాళ్లం. అది తప్పని ఎవరూ చెప్పలేదు. పై కోర్టులే అలా చెబుతుంటే కానిస్టేబుల్ ఏం చేస్తాడు?

నేను చేరిన ఏడాది 1978. ఆ ఏడాదే హైదరాబాద్ నల్లకుంట స్టేషన్లో రమీజాబీ కేసు. పోలీసులే తన మీద అత్యాచారం చేశారని ఆమె చెప్పింది. భర్తని మావాళ్లు కొడితే చనిపోయాడు. ఊరు ఊరంతా తగలబడి కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేస్తే, అక్కడ పోలీసులు చేసినదానికంటే ఆమె నడవడిక గురించే ఎక్కువ సాక్ష్యాలు తెచ్చారు. కమిషన్ పోలీసుల్నే తప్పుపట్టింది. కానీ కేసు కర్ణాటకలో రాయచూరుకి మారింది, 1981లో అందరూ బయటపడ్డారు. ఆ 1978లోనే సుప్రీంకోర్టులో మధుర తీర్పు. మధుర అంటే మహారాష్ట్రలో ఒక గిరిజన పిల్ల, 1972లో, పోలీసుల అత్యాచారం స్టేషన్లోనే జరిగింది. హైకోర్టు శిక్ష వేస్తే సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒంటి మీద గాయాల్లేవు, కేక వేసినట్టు లేదు, కాబట్టి ఒప్పుకున్నట్టేనంది. యూనిఫాంలో ఉన్నవాడి ముందు, స్టేషన్ తలుపు మూసేస్తే, ఆ పిల్ల కేకేస్తే వచ్చేదెవరు? మేమే కదా.

వంశధార_వకీలు
శనివారం, రాత్రి 11.18

మీరు ఇది రాసినందుకు దండం హెచ్‌సీ గారూ. 1979లో ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్ అనే నలుగురు లా పంతుళ్లు మధుర తీర్పు మీద సుప్రీంకోర్టుకి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడానికీ ఒప్పుకోవడానికీ తేడా తెలియదా అన్నదే దాని సారం. ఆ గొడవతోనే 1983లో చట్టం మారింది. పోలీసు కస్టడీ లాంటి కొన్ని కేసుల్లో, సంభోగం జరిగిందని రుజువై, తాను ఒప్పుకోలేదని ఆమె కోర్టులో చెబితే, ఒప్పుకోలేదనే కోర్టు భావించాలని సాక్ష్య చట్టంలో 114ఏ వచ్చింది. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో వచ్చిన సాక్ష్య అధినియమ్‌లో అది 120. అన్ని కేసులకీ వర్తించదు సుమండీ. చాలామంది అలా అనుకుని పొరబడతారు.

లేబర్_రూమ్_అక్క, రాజాం
శనివారం, రాత్రి 11.52

డ్యూటీ మధ్యలో రాస్తున్నా. స్టాఫ్ నర్సుని.

దెబ్బల్లేవంటే ఏమీ జరగలేదని కాదు. భయం ఎక్కువైతే కొంతమంది పరిగెడతారు, కొంతమంది కొడతారు, కొంతమందికి కాళ్లూ చేతులూ కొయ్యబారిపోతాయి. "నోరు పెగల్లేదు సిస్టర్" అని ఎన్నిసార్లు విన్నానో. పాము ఎదురైతే నిలబడిపోయే మనిషిని పాముతో స్నేహం చేశావా అని అడగం కదా.

ఇంకో విషయం. వేళ్లతో చేసే ఆ పాత పరీక్ష ఉండేదే, ఆమెకి అలవాటుందా లేదా అని రాసేవాళ్లు. దాన్ని సుప్రీంకోర్టు 2013లోనే తప్పంది, 2022 అక్టోబరులో మళ్లీ గట్టిగా చెప్పింది, చేస్తే దుష్ప్రవర్తన కింద వస్తుందని. అలవాటు ఉంటే మాత్రం ఆ రోజు ఒప్పుకున్నట్టా? ఎవరికైనా ఇలా జరిగితే స్నానం చెయ్యకుండా, బట్టలు ఉతక్కుండా ముందు ఆసుపత్రికి తీసుకురండి. పోలీసు కాగితం తెస్తేనే చూస్తామని ఏ ఆసుపత్రీ అనకూడదు. ప్రైవేటైనా సరే, ఫ్రీగా వైద్యం చెయ్యాల్సిందే. బెల్ మోగుతోంది, వెళ్తున్నా.

అడ్మిన్
ఆదివారం, ఉదయం 6.40

రాత్రి ఒక సభ్యుడు "ఇది ఫలానా మండలం కేసు కదా" అని రాసిన పోస్టు తీసేశాం. బాధితురాలు ఎవరో తెలిసేలా రాయడం న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం, రెండేళ్ల దాకా జైలు. పేరు రాయకపోయినా, ఊరూ వీధీ చెప్పి పోల్చుకునేలా చేస్తే అదే లెక్క. ఇంకోసారి రాస్తే ఐడీ బ్లాక్.

బొబ్బిలి_లా_థర్డ్‌ఇయర్
ఆదివారం, ఉదయం 8.15

బాబాయ్ గారి రెండో ప్రశ్నని ఎవరూ ముట్టుకోలేదు. మా క్లాసులో రెండు గంటలు కొట్టుకున్నాం దీని మీద.

"ఒప్పుకుందని అనుకున్నాను" అన్న వాదనకి ఇంగ్లాండులో పెద్ద కేసు ఉంది, మోర్గాన్ కేసు, 1975. ఒక సైనికుడు తనతో పనిచేసే ముగ్గుర్ని ఇంటికి తీసుకెళ్లాడు. నా భార్య పెనుగులాడితే పట్టించుకోకండి, ఆమెకి అదే ఇష్టం అని చెప్పాడు. ఆమె అరిచింది, పెనుగులాడింది. వీళ్లు కోర్టులో "ఒప్పుకుందనే అనుకున్నాం" అన్నారు. అప్పట్లో అక్కడి అన్నిటికంటే పై కోర్టు అయిన ప్రభువుల సభలో అయిదుగురు జడ్జీల్లో ముగ్గురు ఏమన్నారంటే, నిజాయితీగా అలా నమ్మితే, ఆ నమ్మకం ఎంత తెలివితక్కువదైనా సరే, నేర బుద్ధి లేనట్టే. కానీ వీళ్లు నిజంగా నమ్మారని ఏ జ్యూరీ ఒప్పుకోదు కాబట్టి శిక్ష మాత్రం ఉంచేశారు. సూత్రం వాళ్లదే గెలిచింది, జైలూ వాళ్లకే దక్కింది.

దాని మీద అక్కడ పాతికేళ్లకి పైగా గొడవ నడిచి 2003లో చట్టం మార్చారు. ఇప్పుడు ఉత్త నమ్మకం చాలదు, సమంజసమైన నమ్మకం కావాలి. ఆమె ఒప్పుకుందో లేదో తెలుసుకోవడానికి అతనేం చేశాడన్నది కూడా చూస్తారు. స్వీడన్ ఇంకో అడుగు ముందుకేసింది. 2018 జులై నుంచి అజాగ్రత్తతో చేసిన అత్యాచారం అని వేరే నేరమే పెట్టింది. కావాలని చెయ్యకపోయినా, పట్టించుకోకపోవడమే నేరం.

చీపురుపల్లి_చిన్నోడు
ఆదివారం, ఉదయం 8.50

ఇంగ్లాండూ స్వీడనూ మనకెందుకు బ్రో? మన దగ్గర ఏంటి? నాకు గుర్తున్నంతలో ఢిల్లీ హైకోర్టు ఒకాయన్ని వదిలేసింది కదా, ఆమె "నో" మెల్లగా అందని.

వంశధార_వకీలు
ఆదివారం, ఉదయం 9.40

టిఫినయ్యాక రాస్తున్నాను, కొంచెం పొడుగు.

చిన్నోడూ, నువ్వు చెప్పేది 2017 సెప్టెంబరు తీర్పు. ఇద్దరూ బాగా తెలిసినవాళ్లు, చదువుకున్నవాళ్లు, ఆమె బలహీనంగా కాదంది, అది అతనికి అర్థమైందో లేదో అనుమానం, ఆ అనుమానం లాభం ముద్దాయికే అన్నారు. 2018 జనవరిలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. నాకైతే ఆ తీర్పు నచ్చలేదు. 2013 వివరణలో "స్పష్టమైన ఒప్పుకోలు" అని రాసుకుని, స్పష్టమైన కాదనడం కోసం వెతకడం ఏమిటి? కానీ అలాంటి తీర్పు ఉందన్నది నిజం. అవతలి ప్లీడరు దాన్ని పట్టుకొస్తాడు, మనం సిద్ధంగా ఉండాలి.

ఇప్పుడు చట్టం చూద్దాం. 63వ సెక్షన్‌లోని ఏడు సందర్భాల్లో మగాడికి ఏం తెలుసు అన్న మాట ఒక్కచోటే ఉంది. నాలుగో దాంట్లో. ఆమె అతన్ని తన భర్తే అనుకుని ఒప్పుకుంటుంది, తాను భర్త కాదని అతనికి తెలుసు. ఇష్టానికి విరుద్ధం, సమ్మతి లేకుండా, ఈ రెంటిలో అతని మనసు ఊసే లేదు. అలాగని మన చట్టం అతని మనసుని అసలు చూడదని కాదు. వేరే దారిలో చూస్తుంది. 17వ సెక్షన్ ఉంది, పాతది 79. వాస్తవం విషయంలో పొరబడి, సద్భావంతో, తాను చేసేది న్యాయమేనని నమ్మినవాడిది నేరం కాదు. ఇదే ముద్దాయి తలుపు. ఈ తలుపుకి తాళం "సద్భావం" అన్న మాటలో ఉంది. మామూలు వాడుకలో సద్భావం అంటే మంచి మనసు. చట్టంలో అలా కాదు. తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసినది సద్భావంతో చేసినట్టు కాదని రెండో సెక్షన్‌లోనే రాసి ఉంది. అంటే "అనుకున్నాను" అనడం సరిపోదు. అలా అనుకునే ముందు ఏం చూశావు, ఏం విన్నావు, అడిగావా, ఆమె మొహం చూశావా, ఇవన్నీ చెప్పాలి. మినహాయింపు కావాలన్నవాడే దాన్ని చూపించుకోవాలి, సాక్ష్య అధినియమ్ 108 ప్రకారం. ఆమె ఒప్పుకోలేదని అనుమానానికి తావు లేకుండా రుజువు చేసే భారం మాత్రం ప్రాసిక్యూషన్‌దే. అది ఎక్కడికీ పోదు.

మోర్గాన్ వాదన మన దగ్గర మొదటి నుంచీ నిలబడేది కాదని నా అభిప్రాయం. 1860లో రాసిన ఐపీసీలోనే ఆ "తగిన జాగ్రత్త" ఉంది మరి.

తాగుడు సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే కోర్టు వరండాలో రోజూ వినేదే. ఆమె మత్తులో ఉండి, తాను దేనికి ఒప్పుకుంటున్నదో అర్థం చేసుకోలేకపోతే, అవునన్నా చెల్లదు. అది అయిదో సందర్భం. అతను తాగి ఉంటే? తనంతట తాను తాగినవాడికి, తాగకుండా ఉంటే ఎంత తెలివి ఉండేదో అంత తెలివి ఉన్నట్టే లెక్కగడుతుంది 24వ సెక్షన్. మందు ఆమె "అవును"ని చెరిపేస్తుంది, అతని తప్పుని చెరపదు. మా ఊళ్లో దీన్ని సరిగ్గా తిరగేసి చెబుతారు, "వాడు మత్తులో ఉన్నాడు పాపం, ఆవిడ తాగడమేటి" అని.

పాలకొండ_మాస్టారు
ఆదివారం, ఉదయం 10.02

సద్భావానికి జాగ్రత్త అని అర్థం ఉందని ఈ వయసులో తెలిసింది. బాగుంది.

రైట్_రైట్_కండక్టర్, టెక్కలి
ఆదివారం, ఉదయం 11.30

ఇప్పుడే దిగాను డ్యూటీ. ఉద్దేశం ఎలా తెలుస్తుందని పెద్దవాళ్లందరూ మాట్లాడుతున్నారు కాబట్టి నా ముక్క కూడా వేసుకోండి.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఫ్రీ బస్సు వచ్చాక రద్దీ చూస్తున్నారు కదా. నరసన్నపేట దాటేసరికి ఒంటికాలి మీద నిలబడాలి. రోజూ ఒక గొడవ. "తగిలాడు" అని ఆవిడ, "రద్దీలో తగిలింది" అని అతను. నా లెక్క ఏంటంటే, బ్రేకేస్తే అందరూ ముందుకే పడతారు. బ్రేకు పడకుండా పక్కకి పడేవాడు ఒకడుంటాడు. వెనకాల సీటు ఖాళీ అయినా కూర్చోనివాడు. ఆవిడ రెండడుగులు జరిగితే వాడూ రెండడుగులు జరిగేవాడు. వాడి మనసులో ఏముందో నాకు చూపించక్కర్లేదు, వాడి కాళ్లు చెబుతాయి. ఇది కోర్టులో చెల్లుతుందా మేడమ్?

వంశధార_వకీలు
ఆదివారం, మధ్యాహ్నం 12.05

అక్షరాలా చెల్లుతుంది అన్నా. ఆడమనిషి గౌరవానికి భంగం కలిగించే దౌర్జన్యం గురించి చెప్పే న్యాయ సంహిత 74వ సెక్షన్‌లో ఉద్దేశం గానీ, గౌరవానికి భంగం కలుగుతుందని తెలిసి ఉండటం గానీ కావాలి. శిక్ష ఏడాది నుంచి అయిదేళ్లు. ఉద్దేశాన్ని చూసినవాడు లోకంలో ఎవడూ లేడు, ఎప్పుడూ చేతల నుంచే రాబట్టాలి. మీరు చెప్పిన బ్రేకు, ఖాళీ సీటు, రెండడుగులు, మూడూ సాక్ష్యమే. అలాంటప్పుడు బస్సు టైమూ సర్వీసు నంబరూ రాసిపెట్టుకోండి, మీరు మంచి సాక్షి అవుతారు.

పద్దెనిమిది లోపు పిల్లల విషయంలో ఇంకా గట్టిగా ఉంటుంది. 2012 పోక్సో చట్టం 30వ సెక్షన్ ప్రకారం, నేర మనస్సు ఉందనే కోర్టు మొదలుపెడుతుంది. లేదని ముద్దాయే నిరూపించుకోవాలి, అదీ అనుమానానికి తావు లేకుండా. 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి, చర్మానికి చర్మం తగలలేదు కాబట్టి పోక్సోలో లైంగిక దాడి కాదంది గుర్తుందా? ఆ నవంబరులోనే సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, చూడాల్సింది లైంగిక ఉద్దేశం, బట్ట అడ్డముందా లేదా అని కాదు అంది. మధ్యలో గుడ్డ ఉంటే ఉద్దేశం మారిపోతుందా?

పార్వతీపురం_పిల్ల
ఆదివారం, మధ్యాహ్నం 12.40

చట్టం ఇంత బాగుంటే వాకపల్లి ఏమైందండీ? 2007 ఆగస్టులో పదకొండు మంది కోందు గిరిజన ఆడవాళ్లు గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని చెప్పారు. 2023 ఏప్రిల్‌లో విశాఖ కోర్టు పదమూడు మందిని వదిలేసింది. పదహారేళ్లు. అక్కడ సమ్మతి గురించి గానీ ఉద్దేశం గురించి గానీ ఒక్క ముక్క తేలలేదు.

వంశధార_వకీలు
ఆదివారం, మధ్యాహ్నం 12.58

దర్యాప్తు సరిగ్గా చెయ్యలేదని ఆ కోర్టే అంది. దర్యాప్తు అధికారుల్ని తప్పుపట్టి, ఆ ఆడవాళ్లకి పరిహారం ఇప్పించమంది. అంతకంటే నా దగ్గర జవాబు లేదమ్మా.

రిటైర్డ్_హెచ్‌సీ, విజయనగరం
ఆదివారం, మధ్యాహ్నం 1.10

నా దగ్గర ఉంది గానీ రాయను.

చీపురుపల్లి_చిన్నోడు
ఆదివారం, సాయంత్రం 5.20

నిన్నటి నుంచి ఎగతాళిగా రాశాను, సారీ. అసలు నా టెన్షన్ వేరే. నా ఫ్రెండు ఒకడు పైడిభీమవరం వైపు కంపెనీలో చేస్తాడు. అక్కడే పనిచేసే అమ్మాయితో రెండేళ్లు. ఇద్దరికీ ఇష్టమే. పెళ్లి చేసుకుందామనే అనుకున్నారు. ఇంట్లో చెబితే కులం తేడా అని వీడి తండ్రి పురుగుమందు డబ్బా తెచ్చి ముందు పెట్టుకున్నాడు. వీడు వెనక్కి తగ్గాడు. ఇప్పుడు ఆ అమ్మాయి మేనమామలు రేప్ కేసు పెడతామంటున్నారు. వీడూ అదే సెక్షన్ కిందకి వస్తాడా మేడమ్?

వంశధార_వకీలు
ఆదివారం, సాయంత్రం 6.45

ఇది ముందే అడిగి ఉంటే సగం కొట్లాట తప్పేది. ఉద్దేశం అన్న మాట అన్నిటికంటే ఎక్కువ పనిచేసేది ఇక్కడే.

మోసపోయి ఇచ్చిన సమ్మతి సమ్మతి కాదు, ఆ మోసం సంగతి అవతలివాడికి తెలిసి ఉంటే గానీ, తెలుసుకోవడానికి కారణం ఉంటే గానీ. అది 28వ సెక్షన్. అయితే మాట తప్పిన ప్రతివాడూ మోసగాడు కాదు. 2019లో ప్రమోద్ సూర్యభాన్ పవార్ కేసులో సుప్రీంకోర్టు రెండు కొలతలు పెట్టింది. మాట ఇచ్చిన రోజునే దాన్ని నిలబెట్టుకునే ఉద్దేశం లేకపోవాలి. ఆమె ఒప్పుకోవడానికి ఆ మాటే నేరుగా కారణమై ఉండాలి. మీవాడు నిజంగా చేసుకుందామనుకుని, తర్వాత తండ్రికి భయపడి తగ్గితే, అది పిరికితనం. అత్యాచారం కాదు. ఆ అమ్మాయి దృష్టిలో రెంటికీ పెద్ద తేడా ఉండకపోవచ్చు, అది వేరే సంగతి.

కానీ మొదటి నుంచీ ఇంట్లో ఒప్పుకోరని తెలిసి, చేసుకోవాలన్న ఆలోచనే లేకుండా చెప్పి ఉంటే వేరు. 2006లో మన ఆంధ్రా నుంచే వెళ్లిన యెడ్ల శ్రీనివాసరావు కేసులో సుప్రీంకోర్టు శిక్ష ఖాయం చేసింది. కొత్త చట్టంలో ఇప్పుడు ప్రత్యేకంగా 69వ సెక్షన్ కూడా ఉంది. నిలబెట్టుకునే ఉద్దేశం లేకుండా పెళ్లి మాట చెప్పి సంబంధం పెట్టుకుంటే, అది అత్యాచారం కిందకి రాకపోయినా, పదేళ్ల దాకా. కాబట్టి ఆ రెండేళ్ల మెసేజీలు ఏవీ డిలీట్ చెయ్యొద్దని చెప్పు. నిజంగా అనుకున్నాడా, ఊరికే అన్నాడా అన్నది అందులోనే దొరుకుతుంది. వాడికి అనుకూలంగానే ఉంటుందని హామీ ఇవ్వలేను.

ఆ అమ్మాయి పుట్టిన తేదీ కూడా ఒకసారి కనుక్కో. సంబంధం మొదలైనప్పుడు పద్దెనిమిది నిండకపోతే ఇప్పటిదాకా నేను రాసిందేదీ వర్తించదు. ఇష్టం ఉన్నా లేనట్టే.

చీపురుపల్లి_చిన్నోడు
ఆదివారం, సాయంత్రం 6.58

ఇరవై రెండు మేడమ్. పెద్దమనుషుల్లో కూర్చుని ఎంతో కొంత ఇచ్చి తేల్చేసుకుంటే?

వంశధార_వకీలు
ఆదివారం, రాత్రి 7.10

నేరం కాకపోతే డబ్బెందుకు? నేరమైతే డబ్బుతో పోదు. అత్యాచారం కేసులో రాజీ అన్న మాటే ఉండకూడదని 2015లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. పెద్దమనుషుల్లో కూర్చుని మీవాడు ఒప్పుకున్నవన్నీ రేపు సాక్ష్యంగా తిరిగొస్తాయి. యెడ్ల శ్రీనివాసరావు కేసు తెప్పించి చదువుకోండి, అందులోనూ ఊరి పెద్దల పంచాయితీ ఉంది.

లేబర్_రూమ్_అక్క, రాజాం
ఆదివారం, రాత్రి 8.20

అడగాలా వద్దా అనుకుంటున్నా. పెళ్లయినవాళ్ల సంగతి?

వంశధార_వకీలు
ఆదివారం, రాత్రి 8.31

భార్యకి పద్దెనిమిది నిండితే, భర్త చేసింది ఈ సెక్షన్ కిందకి రాదు అక్కా. కొత్త చట్టంలోనూ ఆ మినహాయింపు అలాగే ఉంచారు. 2022 మేలో ఢిల్లీ హైకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో మాట అన్నారు, సంగతి సుప్రీంకోర్టుకి వెళ్లింది. గృహహింస చట్టం ఉంది, క్రూరత్వం కేసు ఉంది, వేరుగా కాపురం ఉండే భార్య విషయంలో 67వ సెక్షన్ ఉంది. కానీ నువ్వు అడిగినదానికి సూటి జవాబు "రాదు" అనే.

లేబర్_రూమ్_అక్క, రాజాం
ఆదివారం, రాత్రి 8.33

ఊఁ.

జిరాక్స్_బాబాయ్, శ్రీకాకుళం
ఆదివారం, రాత్రి 9.25

అంతా రెండుసార్లు చదివాను. మేడమ్, ఒకటే భయం. నేను కొట్టిన "మౌనంగా ఉన్నాను" వల్ల ఆ పిల్లకి నష్టం వస్తుందా? కంప్యూటర్లో ఫైలు ఇంకా ఉంది. ఇప్పుడు మార్చి ఇవ్వచ్చా?

వంశధార_వకీలు
ఆదివారం, రాత్రి 9.40

ఫైలు ముట్టుకోవద్దు. స్టేషన్లో ఇచ్చేసిన కాగితాన్ని మార్చడం అన్నది ఉండదు. మరీ కంగారు పడకండి. ఎఫ్‌ఐఆర్‌లో ప్రతి ముక్కా ఉండాలని లేదు, కోర్టులూ అదే అంటాయి. మేజిస్ట్రేటు ముందు నాగరిక సురక్షా సంహిత 183వ సెక్షన్ కింద ఆమె చెప్పే వాంగ్మూలం ఉంటుంది, తర్వాత కోర్టులో సాక్ష్యం ఉంటుంది. అక్కడ ఆమె మాట ఆమె చెప్పుకుంటుంది. అవతలి ప్లీడరు మాత్రం మీ కాగితం చూపించి "మౌనంగా ఉన్నానని రాశావు కదా" అని అడుగుతాడు. తప్పకుండా అడుగుతాడు, నేనైనా అడుగుతాను. అప్పుడు "టైపు చేసినాయన అలా కొట్టాడు, నేనన్నది ఇదీ" అని ఆమె చెప్పగలగాలి.

వాళ్ల నంబరు మీ దగ్గర ఉంటే, ఒకసారి వచ్చి నన్ను కలవమనండి. ఫీజు సంగతి తర్వాత. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగానే లాయరుని పెట్టించవచ్చు.

జిరాక్స్_బాబాయ్, శ్రీకాకుళం
ఆదివారం, రాత్రి 9.52

నంబరు ఉంది. ఆ రోజు ప్రింటు బాగా రాకపోతే మళ్లీ ఫోన్ చెయ్యమని రాసుకున్నాను. రేపు పదింటికి షాపు తియ్యగానే చేస్తాను.

మా మేనల్లుడు పక్కనే కూర్చుని ఇదంతా చదివాడు. "ఊరుకుండిపోనాను అంటే కోర్టులో ఎవరికి అర్థమవుద్ది మామయ్యా, జడ్జీ గారిది ఏ ఊరో" అంటున్నాడు.

పాలకొండ_మాస్టారు
ఆదివారం, రాత్రి 10.05

అర్థం కాకపోతే అడుగుతారు. ఆ పిల్లే చెబుతుంది.